నిజాం రాజ్యంలో రహస్య పోలీసు వ్యవస్థ

నిజాం రాజ్యంలో రహస్య పోలీసు వ్యవస్థ అనగా 1724 నుండి 1948 వరకు హైదరాబాదు సంస్థానాన్ని పాలించిన అసఫ్‌జాహీ ప్రభువుల కాలంలో, పాలకుల కొరకు గుప్తంగా సమాచారం సేకరించిన ఉద్యోగులు, శాఖలు, పద్ధతుల సముదాయం. ఉర్దూలో దీనిని ఖుఫియా పోలీసు అంటారు. ఇది రష్యా చక్రవర్తుల ఓఖ్రానా వలె ఒకే పేరుతో, ఒకే అధిపతి క్రింద నడచిన సంస్థ కాదు. మొగలుల నాటి వార్తాలేఖకులు, నగర కొత్వాలు, జిల్లా పోలీసు, గ్రామంలోని పోలీసు పటేలు అందరూ ఇందులో భాగస్వాములే. పైగా హైదరాబాదులో నిజాము యంత్రాంగంతో పాటు బ్రిటిష్ రెసిడెంటు యంత్రాంగం కూడా పనిచేసేది. మూసీ ఒడ్డున గల రెసిడెన్సీ, హుస్సేన్‌సాగరుకు ఉత్తరాన గల సికింద్రాబాదు కంటోన్మెంటు ఆ రెండవ యంత్రాంగానికి స్థానాలు. ఈ రెండింటి మధ్య గల సరిహద్దు సంస్థాన ప్రజల రాజకీయ జీవితాన్ని చాలా కాలం ప్రభావితం చేసింది.

పదాల అర్థాలు

ఖుఫియా అంటే రహస్యమైనది అని అర్థం. ఇది అరబీ మూలం గల పదం. టర్కీలో సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్ (పాలన 1876–1909) నియమించిన గూఢచారులను పిలిచిన హఫియే అనే పేరు కూడా ఇదే ధాతువు నుండి పుట్టింది. హర్కారా అంటే వార్తలు మోసేవాడు, వేగులవాడు. అఖ్బారు అంటే వార్తల లేఖ. కొత్వాలు నగర రక్షణాధికారి. ఫర్మానా రాజాజ్ఞ. గస్తీ అంటే ప్రభుత్వం తన ఉద్యోగులకు పంపే సర్క్యులరు, నిషాన్ అంటే దాని సంఖ్య. ఈ పదాలు తెలంగాణ నాయకుల స్వీయచరిత్రలలో తరచుగా కనిపిస్తాయి.

మొగలుల వారసత్వం

రాజులు చారచక్షువులు, అనగా వేగులవారే కన్నులుగా గలవారు అనే భావన భారతదేశంలో ప్రాచీనమైనది. అయితే నిజాముల వ్యవస్థకు దగ్గరి మూలం మొగలుల పాలనలో ఉంది. ఔరంగజేబు 1687లో గోలకొండను జయించిన తరువాత దక్కనులో మొగలుల వార్తాసేకరణ పద్ధతి నెలకొన్నది. ఇందులో ముఖ్యంగా నాలుగు రకాల ఉద్యోగులు ఉండేవారు. వాకియా నవీసు సుబా లేదా సర్కారులో జరిగిన సంగతులను బహిరంగంగా వ్రాసి పంపేవాడు. సవానిహ్ నిగారు ముఖ్య ఘటనలను విడిగా తెలియజేసేవాడు. ఖుఫియా నవీసు ఎవరో స్థానికాధికారులకు తెలియకూడదు. హర్కారాలు నోటిమాటగాను, లేఖల ద్వారాను వార్తలు చేరవేసేవారు. వీరందరి లేఖలూ టపా దారోగా ద్వారా రాజధానికి చేరేవి.

నలుగురిని నియమించడానికి కారణం సులభంగా గ్రహించవచ్చు. సుబేదారు వాకియా నవీసును తన వైపు త్రిప్పుకొన్నప్పటికీ, ఖుఫియా నవీసు వ్రాతతో పోల్చి చూసినపుడు అసత్యం బయటపడుతుంది. అంటే ఈ వ్యవస్థ ప్రధానంగా నిఘా పెట్టినది ప్రజలపై కాదు, పాలకుని సొంత ఉద్యోగులపైనే. తరువాతి శతాబ్దాలలో వచ్చిన గొప్ప మార్పు ఈ దృష్టి దిశ మారడమే.

1724లో నిజాం ఉల్ ముల్క్ దక్కనులో స్వతంత్రంగా పాలన స్థాపించినపుడు ఈ పద్ధతి ఆయనకు వారసత్వంగా లభించింది. నిజాం అలీఖాన్ కాలంలో రాజధాని ఔరంగాబాదు నుండి హైదరాబాదుకు మారింది. ఆ కాలపు రాజ్యాలు పరస్పరం దర్బారులలో వకీళ్ళను ఉంచుకొనేవి. నిజాము దర్బారులో పీష్వా వకీలుగా ఉన్న గోవిందరావు కాళే పూణేకు పంపిన లేఖలు ఆనాటి చరిత్రకు ముఖ్యమైన ఆధారాలుగా నిలిచాయి.

రెసిడెన్సీ యంత్రాంగం

ఈస్టిండియా కంపెనీ 1779లో జాన్ హాలండును హైదరాబాదుకు మొదటి రెసిడెంటుగా పంపింది. 1798 సెప్టెంబరులో కుదిరిన సైన్య సహకార సంధితో నిజాము విదేశీ వ్యవహారాలు కంపెనీ చేతికి వెళ్ళాయి. అదే సంవత్సరం అక్టోబరులో జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ ఆధ్వర్యంలో నిజాము కొలువులోని ఫ్రెంచి దళాన్ని నిరాయుధం చేశారు. కంపెనీ సేనలు విడిది చేసిన ప్రదేశానికి 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరిట సికింద్రాబాదు అనే పేరు వచ్చింది.

రెసిడెంటు వద్ద పారశీకం తెలిసిన మున్షీలు ఉండేవారు. దర్బారు వార్తలు, జనానా సంగతులు, అమీరుల మధ్య తగవులు వీరి ద్వారా రెసిడెన్సీకి, అక్కడి నుండి కలకత్తాకు చేరేవి. నిజాము రాజ్యంలో ఏమి జరుగుతున్నదో నిజాముతో పాటు కలకత్తాకు కూడా తెలిసే ఏర్పాటు ఈ విధంగా స్థిరపడింది.

1839లో ఈ యంత్రాంగానికి పెద్ద పరీక్ష ఎదురైంది. నిజాం నాసిరుద్దౌలా సోదరుడు ముబారిజుద్దౌలా వహాబీలతో కలిసి బ్రిటిష్ వారికి వ్యతిరేకంగా కుట్ర పన్నినట్లు రెసిడెంటు ఫ్రేజరు ఆరోపించాడు. ముబారిజుద్దౌలాను గోలకొండ కోటలో నిర్బంధించారు. ఆయన అక్కడే 1854లో మరణించాడు. అదే 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాను కోటలో ఆయుధాల నిల్వలు ఉన్నాయని ఆరోపించి అతనిని పదవీచ్యుతుని చేశారు.

థగ్గుల వేట, 1857

1830వ దశకంలో విలియం స్లీమన్ నాయకత్వంలో థగ్గులను అణచడానికి ఏర్పడిన విభాగం హైదరాబాదు రాజ్యంలో కూడా పనిచేసింది. ఈ విభాగం పట్టుబడినవారిలో కొందరికి శిక్ష తగ్గించి, వారిచేత తోటివారి పేర్లు, బంధుత్వాలు, సంచరించే దారులు చెప్పించి, వాటిని నమోదు చేసేది. ఒకరు చెప్పిన దానిని మరొకరు చెప్పిన దానితో సరిచూసేది. నేరం జరిగిన తరువాత నేరస్థుని వెదకడానికి బదులు, అనుమానితుల జాబితాను ముందే తయారు చేసుకొనే పద్ధతి ఈ విధంగా బలపడింది. నిజాము కొలువులో పనిచేసిన మెడోస్ టేలరు 1839లో ప్రచురించిన ఒక థగ్గు ఒప్పుకోలు అనే నవల ఈ విషయాన్ని ఇంగ్లాండు పాఠకులకు పరిచయం చేసింది.

1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు రెసిడెన్సీపై దాడి చేశారు. దాడి జరగబోతున్న సంగతిని నిజాము దివాను సాలార్‌జంగ్ ముందుగానే రెసిడెంటు డేవిడ్సనుకు తెలియజేశాడు. అందువలన రెసిడెన్సీ రక్షక దళం సిద్ధంగా ఉండి దాడిని తిప్పికొట్టింది. నిజాము ప్రభుత్వ సమాచారం బ్రిటిష్ రక్షణకు ఎంతగా ఉపయోగపడిందో ఈ ఘటన తెలుపుతుంది. తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడి, తరువాత తప్పించుకొన్నాడు. అతని తలకు 5,000 రూపాయల బహుమానం ప్రకటించారు. 1859 జనవరిలో తూప్రాను సమీపంలో అతనిని చంపివేశారు. మౌల్వీ అలావుద్దీనును అండమాను దీవులకు పంపారు.

సాలార్‌జంగ్ సంస్కరణలు

మొదటి సాలార్‌జంగ్ 1853 నుండి 1883 వరకు దివానుగా ఉన్నాడు. 1860వ దశకంలో ఆయన రాజ్యాన్ని జిల్లాలుగా విభజించి, జీతం పుచ్చుకొనే పోలీసును ఏర్పాటు చేశాడు. అప్పటి నుండి నగర పోలీసు, జిల్లా పోలీసు వేరువేరుగా ఉండేవి. నగరానికి కొత్వాలు అధిపతి. ఆయనకు నేరుగా నిజాము సముఖానికి వెళ్ళి నివేదించే అవకాశం ఉండేది. జిల్లా పోలీసుకు నాజిం అధిపతి. ఆయన క్రింద జిల్లాలో మొహతమీము, ఠాణాలో అమీను ఉండేవారు.

అయితే ఈ ఏర్పాటు రాజ్యమంతటికీ వర్తించలేదు. సుమారు 82,000 చదరపు మైళ్ళ రాజ్యంలో దివానీ భూములు దాదాపు 60 శాతం మాత్రమే. దాదాపు 30 శాతం జాగీర్దారుల క్రింద, 10 శాతం సర్ఫేఖాసు పేరిట నిజాము సొంత ఆస్తిగా ఉండేవి. పాయిగాలకు, పెద్ద జాగీర్లకు సొంత పోలీసు, సొంత న్యాయస్థానాలు ఉండేవి. ఆ ప్రాంతాలలో నిఘా అధికారం కూడా జాగీర్దారుదే.

రాజకీయాభిప్రాయం కారణంగా విద్యావంతులపై చర్య తీసుకొన్న తొలి సందర్భాలలో 1883 నాటి చాందా రైల్వే వివాదం ముఖ్యమైనది. రైల్వే పథకం షరతులను ప్రజలకు తెలపాలని కోరినందుకు, సరోజినీ నాయుడు తండ్రి, విద్యావేత్త అఘోరనాథ్ ఛటోపాధ్యాయను ఉద్యోగం నుండి తొలగించి సంస్థానం నుండి బహిష్కరించారు. తరువాత ఆయన తిరిగి వచ్చాడు. కాని బహిష్కారం ప్రభుత్వానికి అలవాటైన ఆయుధంగా మిగిలింది. న్యాయస్థానంలో నేరం రుజువు చేయనవసరం లేకుండా, రహస్య నివేదిక ఒక్కటే ఆధారంగా మనిషిని సరిహద్దు దాటించవచ్చును.

కొత్వాలు, గస్తీ నిషాన్ 53

1904లో బ్రిటిష్ ప్రభుత్వం థగ్గీ, డెకాయిటీ విభాగాన్ని రద్దు చేసి, దాని స్థానంలో కేంద్ర నేర పరిశోధక విభాగాన్ని స్థాపించింది. దోపిడీదారులపై పెట్టిన నిఘా ఇక రాజకీయ కార్యకర్తల వైపు మళ్ళింది. వంగదేశ విభజన (1905) తరువాత స్వదేశీ ఉద్యమ ప్రభావం హైదరాబాదుకు కూడా వచ్చింది. ఇక్కడ నివసించిన చిత్రకారుడు, వేదపండితుడు శ్రీపాద దామోదర సాత్వలేకర్ బ్రిటిష్ వారి ఒత్తిడి వలన నగరం విడిచి వెళ్ళవలసి వచ్చింది.

1911లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏడవ నిజాముగా సింహాసనం అధిష్ఠించాడు. ఖిలాఫత్ ఉద్యమ సభలు నగరంలో జరిగిన తరువాత, 1921లో ఆయన ప్రభుత్వం రాజకీయ సభలను అనుమతి లేకుండా జరపరాదని ఫర్మానా జారీ చేసింది. ఆ దశకం ముగిసేనాటికి వచ్చిన గస్తీ నిషాన్ 53 ఈ నిషేధానికి పూర్తి రూపం ఇచ్చింది. సభ జరపదలచినవారు ముందుగా దరఖాస్తు చేసి, సభ ఉద్దేశం, అధ్యక్షుని పేరు, ఉపన్యాసకుల పేర్లు మొదలైన వివరాలు తెలపాలి. అనుమతి రావచ్చు, రాకపోవచ్చు. సంస్థానానికి వెలుపలివారు పాల్గొనరాదనే షరతులు కూడా విధించేవారు. సభలో ఖుఫియా ఉద్యోగి కూర్చొని ఉపన్యాసాలు వ్రాసుకొనేవాడు.

ఈ గస్తీ వలన రహస్య పోలీసు పని స్వభావమే మారింది. పూర్వం వార్తలను వెదకి పట్టుకోవాలి. ఇప్పుడు సభ పెట్టేవారే తమ పేర్లను స్వయంగా వ్రాసి ఇవ్వాలి.

1920 నుండి 1934 వరకు నగర కొత్వాలుగా రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పనిచేశాడు. ఈ పదవి పొందిన మొదటి హిందువుగా ఆయన ప్రసిద్ధుడు. కొత్వాలు కావడానికి ముందే, 1918లో, ఆయన రెడ్డి హాస్టలు స్థాపనకు పూనుకొన్నాడు. గోలకొండ పత్రిక (1926) సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టలుకు కార్యదర్శిగా ఉన్నాడు. తరువాత సాయుధ పోరాటానికి నాయకత్వం వహించిన రావి నారాయణరెడ్డి ఆ హాస్టలులో చదివినవాడే. ప్రభుత్వ నిఘాకు అధిపతి అయిన వ్యక్తి పెంచిన విద్యాసంస్థ నుండే ఆ ప్రభుత్వాన్ని ప్రశ్నించిన తరం రావడం హైదరాబాదు చరిత్రలో పేర్కొనదగిన విషయం.

1921 నవంబరులో హైదరాబాదులోని ఒక సభలో తెలుగులో మాట్లాడిన ఆలంపల్లి వెంకటరామారావును గేలి చేయడంతో ఆంధ్ర జనసంఘం పుట్టింది. అది సాహిత్య, గ్రంథాలయ, సంఘసంస్కరణ కార్యక్రమాలతో ప్రారంభమైంది. రాజకీయాలు మాట్లాడే వీలు లేనందున గ్రంథాలయమే ప్రజల సమావేశ స్థలమైంది. అందువలన గ్రంథాలయం కూడా అనుమానానికి గురైంది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన మొదటి ఆంధ్ర మహాసభ కూడా అనుమతుల మధ్యనే జరిగింది. ఈ ఇబ్బందులను మాడపాటి హనుమంతరావు తన తెలంగాణా ఆంధ్రోద్యమం అనే గ్రంథంలో వివరించాడు.

సికింద్రాబాదు సరిహద్దు

నిజాము పోలీసు అధికారం రెసిడెన్సీ బజార్లలో (నేటి సుల్తాన్ బజారు, కోఠి పరిసరాలు), సికింద్రాబాదు కంటోన్మెంటులో చెల్లేది కాదు. అక్కడ బ్రిటిష్ వారి చట్టాలు అమలయ్యేవి. కాబట్టి నగరంలో సభకు అనుమతి దొరకనివారు రెసిడెన్సీ బజార్లలో సభ జరుపుకొనేవారు. 1901లో స్థాపించబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1907లో ప్రారంభమైన వివేకవర్ధిని పాఠశాల ఈ ప్రాంతంలో పెరగడం గమనించదగినది. దక్కన్ క్రానికల్ పత్రిక 1938లో సికింద్రాబాదు నుండి ప్రారంభమైంది.

అయితే ఇది నిజమైన స్వేచ్ఛ కాదు. బ్రిటిష్ వారికి నిజాముపై వచ్చే విమర్శ కంటే తమపై వచ్చే విమర్శ ముఖ్యం. నిజాము పాలనను విమర్శించేవారికి సికింద్రాబాదులో కొంత వెసులుబాటు ఉండేది. బ్రిటిష్ పాలనను విమర్శించేవారికి మాత్రం అక్కడ కూడా నిఘా తప్పేది కాదు. రెసిడెంటు సంస్థాన రాజకీయాలపై పక్షానికొకసారి ఢిల్లీకి నివేదిక పంపేవాడు. 1933లో రెసిడెన్సీ బజార్లను నిజాము ప్రభుత్వానికి తిరిగి అప్పగించారు. దానితో ప్రజలకు దగ్గరలోని ఆశ్రయం పోయింది. సికింద్రాబాదులోని పౌర ప్రాంతాలు 1945లో తిరిగి నిజాము అధికారం క్రిందికి వచ్చాయి.

1938 నిషేధాలు

1938 సెప్టెంబరులో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసును, అది లాంఛనంగా ఏర్పడక ముందే, అక్బర్ హైదరీ ప్రభుత్వం నిషేధించింది. పుట్టని సంస్థను నిషేధించడం ముందస్తు నిఘా ఎంత దూరం వెళ్ళిందో చూపుతుంది. అక్టోబరు 24న ప్రారంభమైన సత్యాగ్రహం డిసెంబరు 24న నిలిచిపోయింది. అదే కాలంలో ఆర్యసమాజ సత్యాగ్రహం, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వందేమాతరం ఉద్యమం జరిగాయి. వందేమాతరం పాడిన విద్యార్థులను వసతి గృహాల నుండి, కళాశాలల నుండి తొలగించారు. వారిలో పలువురు నాగపూరు వెళ్ళి చదువు పూర్తి చేశారు. వారిలో తరువాత దేశ ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు ఒకడు. స్టేట్ కాంగ్రెసుపై నిషేధం 1946 వరకు కొనసాగింది.

గ్రామంలో పోలీసు పటేలు

1941 జనాభా లెక్కల ప్రకారం సంస్థానంలో సుమారు 1 కోటి 63 లక్షల ప్రజలు ఉండేవారు. వారిలో అధిక సంఖ్యాకులు గ్రామీణులు. గ్రామంలో మాలీ పటేలు పన్నులు వసూలు చేసేవాడు. పట్వారీ లెక్కలు వ్రాసేవాడు. పోలీసు పటేలు శాంతిభద్రతలు చూసేవాడు. ఇవి వంశపారంపర్య వతనులు. ఊరికి క్రొత్తవారు వచ్చినా, గుంపు చేరినా ఠాణాకు తెలియజేయడం పోలీసు పటేలు బాధ్యత. అతని క్రింద సేత్‌సింధీలు పనిచేసేవారు. ఈ గ్రామాధికారులలో అనేకులు దేశ్‌ముఖులకు బంధువులు, లేక వారి గుప్పిట ఉన్నవారు.

ఈ గొలుసులోని ప్రధాన లోపం ఇదే. వెట్టి చేయలేనని రైతు అంటే, అది అమీను వద్దకు వెట్టి సమస్యగా కాక, ఊరిలో అల్లరిగా చేరేది. భూమి పోగొట్టుకొన్నవాని మొర దౌర్జన్యంగా నమోదయ్యేది. 1946 జులై 4న కడవెండి గ్రామంలో విసునూరు దేశ్‌ముఖు మనుషుల కాల్పులలో దొడ్డి కొమరయ్య మరణించాడు. తెలంగాణ సాయుధ పోరాటం అక్కడి నుండి విస్తరించింది. పటేలు, పట్వారీలు ఊళ్ళు విడిచి పారిపోవడంతో ప్రభుత్వానికి గ్రామాల నుండి వార్త వచ్చే దారి మూసుకుపోయింది. అదే సమయంలో సంఘాలు తమ సొంత కొరియర్ల ద్వారా పోలీసుల రాకను ముందే తెలుసుకొనేవి.

చివరి సంవత్సరాలు

1947 నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒడంబడిక కుదిరింది. డిసెంబరు 4న రాజధానిలోనే నారాయణరావు పవార్ నిజాము కారుపై బాంబు విసిరాడు. నిజాము గాయపడలేదు. మహాసభల ఉపన్యాసాలను అక్షరం పొల్లుపోకుండా వ్రాసుకొన్న వ్యవస్థ, పాలకుడు రోజూ వెళ్ళే దారిలో పొంచి ఉన్న అపాయాన్ని పసిగట్టలేదు.

1948లో పోలీసు అధిపతిగా దీన్ యార్ జంగ్ ఉండేవాడు. కాని అప్పటికి వీధులపై అధికారం ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్ల చేతికి చిక్కింది. భారత యూనియనులో విలీనాన్ని సమర్థించిన ఇమ్రోజ్ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను ఆగస్టు 21 అర్ధరాత్రి కాచిగూడ ప్రాంతంలో కాల్చి, చేయి నరికి చంపారు. పత్రికలపై దశాబ్దాలుగా నిఘా ఉంచిన ప్రభుత్వం ఒక సంపాదకుని ప్రాణాన్ని కాపాడలేకపోయింది.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాము యుద్ధ విరమణ ప్రకటించాడు. మరునాడు మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి ఎదుట సంస్థాన సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. నిఘాకు పరిమితులుంటాయని క్రొత్త ప్రభుత్వానికి కూడా త్వరలోనే తెలిసింది. బేగంపేటలో గృహనిర్బంధంలో ఉన్న మాజీ ప్రధాని మీర్ లాయక్ అలీ 1950 మార్చిలో తప్పించుకొని పాకిస్తాను చేరాడు. 1956 నవంబరు 1న తెలంగాణ ప్రాంతపు పోలీసు శాఖ ఆంధ్రప్రదేశ్ పోలీసులో కలిసిపోయింది.

ప్రాముఖ్యత

మొగలుల నాటి ఖుఫియా నవీసు అధికారి చేసిన అన్యాయాన్ని రాజుకు తెలిపేవాడు. ఏడవ నిజాము నాటి ఖుఫియా పోలీసు అన్యాయాన్ని ప్రశ్నించినవారి పేర్లను రాజుకు తెలిపేవాడు. ఈ మార్పు వలన పాలకునికి సమాచారం పెరిగింది కాని ప్రజల స్థితిగతులపై అవగాహన తగ్గింది. బహిరంగ సభ, పత్రిక, గ్రంథాలయం అనేవి ప్రజల కష్టాలు పాలకుని చెవిన పడే సహజమైన మార్గాలు. వాటిని మూసివేసిన తరువాత వేగులవాని నివేదిక ఒక్కటే మిగిలింది.

ఆ నివేదికలు నేడు చరిత్రకారులకు విలువైన ఆధారాలుగా ఉపయోగపడుతున్నాయి. సికింద్రాబాదు సమీపంలో తార్నాకలో గల తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొగలుల నాటి పారశీక పత్రాలు మొదలు నిజాము ప్రభుత్వ దస్త్రాల వరకు భద్రపరచబడి ఉన్నాయి. రెసిడెన్సీకి సంబంధించిన దస్త్రాలు ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌లోను, లండనులోని బ్రిటిష్ గ్రంథాలయంలోను కలవు. ఉద్యమకారులను అణచడానికి వ్రాసిన కాగితాలే వారి సభలకు, ఉపన్యాసాలకు సాక్ష్యాలుగా నేటి పరిశోధకులకు అందుతున్నాయి.